నచికేతుని మొదటి వరము

రాయపూరు నగరమున జయస్తంభ కూడలి దాటి పోవునపుడెల్ల నాకొక బందీ జ్ఞప్తికి వచ్చును. సోనాఖాన్ జమీందారు నారాయణసింహుడు 1856 నాటి కఱవులో వర్తకుని ధాన్యపు కొట్టు తెఱపించి ఆకలిగొన్నవారికి పంచిపెట్టినందుకు ఈ యూరి చెరసాలలో ఉంచబడెను. 1857లో తప్పించుకొని పోయి సేనను కూర్చుకొనెను, మరల చిక్కెను, ఆ సంవత్సరమే డిసెంబరు 10వ తేదీన ఈ నగరముననే మరణదండన పొందెను. నేడు ఆయన పేర నవరాయపూరులో గొప్ప క్రీడాంగణము కలదు. 1987లో సియాచిన్ మంచుకొండలపై నేలకొరిగిన రాజీవ పాండే పేరను, 1999లో కార్గిల్ యుద్ధమున అసువులు బాసిన కౌశల్ యాదవ్ పేరను ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము క్రీడాకారులకు పురస్కారము లిచ్చుచున్నది. ఇది తగిన పని. దీనికి వంక పెట్టువాడను కాను. కాని శత్రువుల చేత చిక్కి, చావక, మరలివచ్చి, తరువాత ముప్పది నలువది యేండ్లు మన నడుమ జీవించిన యోధుని పేర పురస్కారము గాని, వీథి గాని, విగ్రహము గాని నేను చూచి యుండలేదు. చనిపోయినవానిని కీర్తించుటకు మనకు వేయి పద్ధతులు కలవు. బ్రదికి వచ్చినవానిని పలుకరించుటకు మాత్రము నోట మాట తడబడును.

ఈ తడబాటు సాహిత్యమున నెట్లు ప్రతిఫలించినదో పరిశీలించుట యీ వ్యాసమున నా యుద్దేశము. చెరనుండి వచ్చిన యోధుని జీవితకథను ఏ గీటురాయిపై గీచి చూడవలెను? అతడు పడిన బాధలను లెక్కించుటయా? తప్పించుకొన్న సాహసమును మెచ్చుటయా? ఈ రెండును కావని నా అభిప్రాయము.

నాకీ ప్రశ్న తోచినది విమర్శకుడనుగా కాదు, అనువాదకుడనుగా. కొన్నేండ్ల క్రిందట బ్రిగేడియర్ జాన్ దాల్వీ గారి 'హిమాలయన్ బ్లండర్' అను ఆంగ్ల గ్రంథమునుండి కొన్ని పుటలు తెలుగు చేయ బూనితిని. 1962లో చీనా సేనల చేత బందీయైన సేనానాయకుని రచన యది. తాను శత్రుహస్తగతుడైన సంగతి చెప్పు చోటికి వచ్చునప్పటికి నా కలము ఆగిపోయెను. 'పట్టువడితిని' అని వ్రాసి కొట్టివేసితిని. తెలుగున పట్టువడుట యను క్రియకు సహజమైన కర్త దొంగ. 'లొంగిపోతిని' అని వ్రాసితిని. లొంగిపోవుట యనగానే బందిపోటు జ్ఞప్తికి వచ్చును. 'చిక్కితిని' అన్న చేపయో పక్షియో కన్నులకు కట్టును. 'చెర' అను మాట ప్రాచీనము. సీతమ్మ చెర, రామదాసు చెర యని తెలుగువారి హృదయమున నాటుకొన్నది. కాని అది అశోకవనమున కన్నీరు కార్చిన సాధ్వికిని, గోలకొండ బందిఖానాలో రాముని నిందాస్తుతి చేసిన భక్తునికిని అమరినట్లు, ఆయుధము పట్టి పోరాడినవానికి అమరదు.

ఇక మిగిలినది మన పత్రికలు వాడు 'యుద్ధఖైదీ' అను పదము. మన వాడుకలో ఖైదు నేరమునకు ఫలము. ఖైదీ యన్న వెంటనే 'ఏమి చేసినాడు?' అని యడుగుదుము. రాయపూరులో నా చుట్టును వినవచ్చు హిందీలో వీరిని 'యుద్ధబందీ' యందురు. బందీ యనగా బంధింపబడినవాడు. అంతకు మించి అందులో ఏ యారోపణయు లేదు. రెండు భాషల నడుమ కాపురముండువానికి ఈ భేదము ముల్లువలె గుచ్చుకొనును. దోషము లేని బంధనమును చెప్పుటకు మన వాడుకలో ఒక క్రియ యైనను లేకపోవుట భాష లోపము మాత్రమే కాదు. అట్టివానిని మనము దోషము లేనివానిగా చూడ నేర్వలేదనుటకు అది సాక్ష్యము.

అంతర్జాతీయ ధర్మశాస్త్రము ఈ విషయమున మన వాడుక కంటె ఉదారముగా నున్నది. 1949 ఆగస్టు 12న జెనీవాలో కుదిరిన మూడవ యొడంబడిక ప్రకారము బందీ యగుట నేరము కాదు. పోరాటము ముగిసిన పిమ్మట ఆలస్యము లేక అతనిని విడిచిపెట్టవలెను. అతనిని ప్రశ్నించునపుడు అతడు తప్పక చెప్పవలసినవి నాలుగే: తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య. ఈ 17వ యధికరణమును నేను సాహిత్య విద్యార్థిగా చదివి ఆశ్చర్యపడితిని. శత్రువు బందీనుండి కోరదగిన ఆత్మకథ నాలుగు పంక్తులు! మిగిలిన జీవితమంతయు అతని సొంతము. అతడు తన చెర గూర్చి యొక పుస్తకము వ్రాసిన, ఆ నాలుగు పంక్తులకు అవతల నున్న దానిని తనంత తాను, తనవారికి చెప్పుటయే. కావున అట్టి గ్రంథమును చదువునపుడు 'శత్రువు ఇతనిని ఏమి చేసెను' అని మాత్రమే కాక, 'తనవారి యెదుట ఇతడు ఎట్లు నిలువబడెను, వారు ఇతనిని ఎట్లు చూచిరి' అని కూడ అడుగవలెను.

ఇది క్రొత్త ప్రశ్న కాదు. మన కవిత్రయము దీనిని మూడు విధముల చూపినది. ఆదిపర్వమున ద్రుపదుడు అర్జునుని చేత బందీయై, గురుదక్షిణగా ద్రోణుని యెదుటికి తేబడును. విడుదలయైనను అతని మనస్సు ఆ క్షణమునుండి విడుదల కాలేదు. ద్రోణుని చంపగల కొడుకును యాగాగ్నినుండి కోరుకొనును. నన్నయ నడిపిన ఆ కథలో ఒక్క పూట అవమానము తరమంతటిని దహించు అగ్నిగుండమగును. అరణ్యపర్వశేషమున ఎఱ్ఱన రచించిన ఘోషయాత్ర రెండవది. దుర్యోధనుడు గంధర్వుడగు చిత్రసేనుని చేత చిక్కి, ఎవరిని పరిహసింపబోయెనో ఆ పాండవుల చేతనే విడిపింపబడును. విడుదల అతనికి చెర కంటె దుర్భరమయ్యెను. హస్తినకు ఏ ముఖముతో పోగలనని ప్రాయోపవేశమునకు పూనును. లోకము దుర్యోధనుని అసూయను తలచునంతగా ఈ ఘట్టమును తలపదు. కాని అభిమానధనుని మనస్సు లోలోపల ఎట్లు విఱుగునో చూపుటలో ఇది భారతమున మిన్న యగు ఘట్టములలో నొకటి.

మూడవది విరాటపర్వము. దక్షిణ గోగ్రహణమున విరటుడు సుశర్మకు బందీయగును, భీముడు విడిపించును. ఆ రాత్రియే సుశర్మ తానును బందీయై ధర్మరాజు మాట మీద విడువబడును. బంధించినవాడును బంధింపబడినవాడును కొన్ని గడియలలో తారుమారగుదురు. విరటుడు పగ పెంచుకొనలేదు, చావ నెంచలేదు. తన్ను కాచిన కంకునికిని వలలునికిని కృతజ్ఞత తెలిపి సత్కరింప బూనెను. విరటుని మనము సాధారణముగ మెత్తని రాజుగా, కొంత హాస్యమునకు పాత్రునిగా తలంతుము. ఆ రాత్రి విరటునిలో నాకు కనబడునది వేఱు. తాను ఓడితినని ఒప్పుకొనుటకు సిగ్గుపడని మనుజుడు అతడు. అతని చెర కొద్ది గడియలదే, విడిపించినవారు తన కొలువువారే కనుక అది అతనికి సులభమయ్యెననవచ్చును. నిజమే. అయినను మార్గము ఒకటి కలదని తిక్కన చూపినాడు.

పగ, చావు కోరిక, కృతజ్ఞత. ఆధునిక కాలమున బందీలు వ్రాసిన గ్రంథములను ఈ మూడింటి వెలుగున చదివిన వాని స్వరూపము స్పష్టపడును.

మొదటి ప్రపంచయుద్ధమున మెసొపొటేమియాలోని కూట్ పట్టణము 147 దినముల ముట్టడి తరువాత 1916 ఏప్రిల్ 29న తురుష్కసేనల వశమయ్యెను. బందీలైనవారిలో అధికసంఖ్యాకులు భారతీయులు. బెంగాల్ వైద్యసహాయక దళమున చేరిన శిశిర సర్వాధికారి గారు వారిలో నొకరు. ఆయన దినచర్య వ్రాసికొనెడివారు. దానిని చించి బూట్లలో దాచికొని, మరల వ్రాసికొని, ఎట్టకేలకు 1950ల చివరి భాగమున 'అభి లే బగ్దాద్' అను పేర వంగభాషలో ప్రకటించిరి. నలువది యేండ్లు ఆగిన పుస్తక మది. ఎడారి నడకలు, ఆకలి, ఆర్మీనియనుల యూచకోత మిగిల్చిన శూన్యమైన యిండ్లు అన్నియు అందు కలవు. అయినను ఆ గ్రంథము నిలుచునది అలెప్పో వైద్యశాలలో తనతో పనిచేసిన తురుష్కులతో ఆయన జరిపిన మాటల వలన. మన మెందుకు ఒకరి నొకరు చంపుకొనుచున్నామని ఇరువురును ఆశ్చర్యపడుదురు. విరటుని మార్గమునకు ఇది దగ్గఱ. శత్రువు ముఖమున మనుష్యుని ముఖము చూచినవాడు చెరలో తన ముఖమును కూడ పోగొట్టుకొనడు.

దాల్వీ గారి మార్గము వేఱు. 7వ పదాతి బ్రిగేడునకు నాయకులై నామ్కాచూ నదీతీరమున నిలిచిన ఆయన, 1962 అక్టోబరు 20న చీనా దాడి మొదలైన రెండు దినములకు బందీయైరి. తన గ్రంథము టిబెట్టులోని చెరలో, నవంబరు 21 రాత్రి పుట్టినదని ఆయన పీఠికలో చెప్పుదురు. కాపలా యున్న చీనా అధికారి నిద్ర లేపి, యుద్ధము ముగిసినదని సంతోషవార్తగా చెప్పిన రాత్రి యది. తన దేశపు ఓటమిని శత్రువు నోట వినవలసి వచ్చిన ఆ క్షణమున, ఇది ఎట్లు జరిగెనో లోకమునకు చెప్పవలెనని ఆయన నిశ్చయించుకొనిరి. 1969లో వెలువడిన ఆ గ్రంథము ప్రధానమంత్రిని, రక్షణమంత్రిని, సేనాధిపతులను బోనులో నిలబెట్టినది. ఆయనకు పై యధికారిగా నుండిన లెఫ్టినెంట్ జనరల్ బి. ఎం. కౌల్ గారు 1967లోనే తమ పక్షమును గ్రంథముగా ప్రకటించి యుండిరి. కనుక దాల్వీ గారి రచనను కొందఱు ప్రతివాదముగానే చదివిరి. కన్నడమున రవి బెళగెరె గారు దానిని అనువదింపగా పాఠకులు విశేషముగ ఆదరించిరి.

ద్రుపదుని యగ్ని ఈ గ్రంథమున కలదనుటకు సందేహము లేదు. కాని ద్రుపదుడు తన అవమానమునకు ప్రతీకారము కోరెను. దాల్వీ గారు చలికి తగిన బట్టలును, చాలినన్ని గుండ్లును లేక మరణించిన తన సైనికుల పక్షమున వాదించిరి. ఈ భేదము గొప్పది. గ్రంథమునకు బలమిచ్చునది ఇదియే. లోపమును ఇచ్చటనే పుట్టినది. విధానములను, ఉత్తరువులను, పటములను గూర్చి అంత విపులముగ చెప్పిన రచయిత, చెరలోని ఆరు నెలలకు పైబడిన కాలమునకు ఇచ్చిన చోటు మిక్కిలి స్వల్పము. న్యాయవాది ముందుకు వచ్చి మనుష్యుని వెనుకకు నెట్టినాడు.

అయినను ఒక్క చోట ఆ మనుష్యుడు తొంగి చూచును. 1963 మే నెలలో స్వదేశమున విమానము దిగినప్పుడు లభించిన స్వాగతము మర్యాదగనే యుండెను గాని, అందు వెచ్చదనము లేదు. శత్రువు తన మనస్సును మార్చివేయలేదని తనవారి యెదుట నిరూపించుకొనవలసి యున్నదని ఆయనకు తరువాత తెలిసెను. ఈ కొన్ని పంక్తులు నాకు గ్రంథమంతటికి తాళపుచెవి వలె తోచును. టిబెట్టు చలి కంటె ఆ విమానాశ్రయపు చలి ఆయనను ఎక్కువ గాయపఱచినదా యను ప్రశ్న పాఠకుని వెంటాడును. ఆయన దానిని విప్పి చెప్పలేదు. చెప్పియుండిన ఆ గ్రంథము చరిత్రకారులకే కాక సాహిత్యమునకు కూడ మహోపకారము చేసి యుండెడిది.

మూడవ తెగ తప్పించుకొన్నవారి కథలు. 1971 యుద్ధమున బందీలైన విమానచోదకులలో దిలీప్ పారుల్కర్, మల్విందర్ గ్రేవాల్, హరీశ్ సింహ్‌జీ అను మువ్వురు 1972 ఆగస్టులో రావల్పిండి శిబిరపు గోడకు కన్నము వేసి బయటపడిరి. ఆఫ్ఘనిస్థానపు సరిహద్దునకు కొద్ది మైళ్ళ దూరమున, ఎన్నడో మూతపడిన లండీ ఖానా రైలు నిలయమునకు దారి యడిగి అనుమానమునకు గుఱియై దొరకిపోయిరి. పాత పటము వారిని మోసగించెను. ఈ కథను ఫెయిత్ జాన్‌స్టన్ గారు 2013లో ఆంగ్లమున గ్రంథస్థము చేసిరి. ఆ చెరలోనే యుండిన ధీరేంద్ర జాఫా గారు 2014లో తమ స్మృతులను ప్రకటించిరి. ఇట్టి కథలు చదువ నింపుగా నుండును. కారణము స్పష్టమే. తప్పించుకొనుట బందీని తిరిగి కర్తను చేయును. పాఠకుని సిగ్గును తొలగించును. 'పట్టువడెను' అను క్రియను 'పాఱిపోయెను' అను క్రియ కడిగివేయును. కాని పాఱిపోవ వీలులేక గాయములతో పడియుండినవారి మాట యేమి? వారి సహనమునకు కథ లేదా? సాహసమునకే పెద్దపీట వేయు పాఠకులము, తెలియకయే వారిని మరల ఒకసారి చెరలో వదలి వచ్చుచున్నాము.

ఈ సందర్భమున ఒక తెలుగుబిడ్డ జీవితము నాకు స్ఫురించును. ఫ్లైట్ లెఫ్టినెంట్ కంబంపాటి నచికేత గారు 1999 మే 27న బటాలిక్ ప్రాంతమున మిగ్-27 విమానముతో దాడి చేయుచుండగా యంత్రము ఆగిపోయెను. గొడుగు సాయమున దిగి శత్రుసైనికుల చేత బందీయైరి. ఆయనను వెదుకుచు తిరిగిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా గారి విమానము కూల్చబడి, ఆయన ప్రాణములు గోల్పోయిరి. నచికేత గారు మొదట దెబ్బలు తినిరి. ఒక పై యధికారి కలుగజేసికొని ఆపించెను. జూన్ 3న అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘమునకు అప్పగింపబడి స్వదేశము చేరిరి. ఆనాడు ఆయనను ప్రశ్నించిన పాకిస్తాన్ వైమానికాధికారి కైసర్ తుఫైల్ గారు, తామిరువురు విమానచోదకులు కూర్చుండి ముచ్చటించుకొన్నట్లే మాటాడుకొంటిమని తరువాతి కాలమున చెప్పిరి. అలెప్పో వైద్యశాలలోని మాటలకు ఇది ఎనుబది యేండ్ల తరువాతి ప్రతిధ్వని.

పత్రికలు ఆ యెనిమిది దినములను వ్రాసినవి. నాకు ముఖ్యముగా తోచునది ఆ తరువాతి భాగము. వెన్నెముకకు తగిలిన గాయము వలన ఆయన యుద్ధవిమానములకు దూరమై, రవాణా విమానముల శాఖకు మారిరి. గగనమున ఎగురుచుండగనే ఇతర విమానములకు ఇంధనము నింపు ఇల్యూషిన్-78 విమానములను నడపిరి. గ్రూప్ కెప్టెన్ హోదా వఱకు సేవ చేసిరి. ఆకాశమున తన యంత్రము చల్లారిపోయినవాడు, అదే యాకాశమున ఇతరుల యంత్రములు చల్లారకుండ కాచినాడు! ఒక కవి కల్పించిన కృతకమని కొట్టివేయదగినంత పొందికైన సత్యమిది. తెలుగున ఈ జీవితమును సమగ్రముగ చిత్రించిన గ్రంథము నా కంట పడలేదు. ఇరువది యేండ్ల తరువాత, 2019 ఫిబ్రవరి 27న అభినందన్ వర్ధమాన్ గారు బందీయై మార్చి 1న విడుదలయైనప్పుడు దేశమంతయు ఆయనకు నీరాజనము పట్టెను. దాల్వీ గారు చవిచూచిన చలి ఈనాడు లేదని సంతోషింపవలసినదే. కాని నీరాజనమును ఒక విధమైన తొందరయే. అదియు ఆ దినములను గూర్చియే యడుగును. మిగిలిన యేండ్లను అడుగదు.

నచికేత యను పేరు కఠోపనిషత్తునుండి వచ్చినది. తండ్రి కోపమున 'నిన్ను మృత్యువున కిచ్చితి'నని పలుకగా, బాలుడు యముని యింటికి పోయి మూడు రాత్రులు నిరాహారుడై వేచియుండెను. యముడు మూడు వరము లిచ్చెను. మరణానంతరమున ఏమగునను మూడవ ప్రశ్ననే మనము తరతరములుగ చర్చించుచున్నాము. అగ్నివిద్య యగు రెండవదానిని పండితులు ఎఱుగుదురు. మొదటి వరమును చదివి ముందుకు సాగిపోదుము. నా దృష్టిలో చెరనుండి వచ్చిన ప్రతి యోధుని జీవితకథకును అదియే మూలము. బాలుడు కోరిన దేమి? తాను మరలి యింటికి పోవునపుడు తండ్రి కోపము మాని, మనస్సు కుదుటపడి, తన్ను తానుగా గుర్తించి పలుకరింపవలెనని. మృత్యువు గుమ్మమున నిలిచినవాడు బ్రహ్మవిద్య కంటె ముందు కోరుకొన్నది ఇంటి గుమ్మమున ఒక పలుకరింపు! మృత్యువును జూచి వచ్చినవానిని ఇంటివారు గుర్తింపకపోవచ్చునని, గుర్తించినను వెఱతురని, ఆ ఋషికి తెలియును.

కనుక నేను ప్రతిపాదించు గీటురాయి యిది. బందీయైన యోధుని కథ ఏ రూపమున నున్నను, అది అతని మొదటి వరమును గూర్చి ఏమి చెప్పుచున్నదో చూడవలెను. అతడు ఇంటికి వచ్చెనా? వచ్చినవానిని ఇల్లు గుర్తించెనా? సర్వాధికారి గారికి నలువది యేండ్ల మౌనము తరువాత పుస్తకమే గుమ్మమయ్యెను. దాల్వీ గారు గుమ్మము వద్దనే నిలువబడి న్యాయము కోరిరి. రావల్పిండి మువ్వురి కథ గోడ దాటు వఱకే మనలను ఊరించును. ఇక గృహప్రవేశము చేసిన తరువాతి జీవితము, అనగా గాయపడిన వెన్నెముకతో ఉదయమే లేచి పనికి పోవు దినములు, పేరంటములలో బంధువులు చెవులు కొఱుకుకొను మాటలు, తన కొఱకు వచ్చి మరణించినవాని ఋణము, ఇవి వ్రాయబడవలసి యున్నవి.

విజయనగరమునుండి రాయపూరునకు వచ్చు రైలు మార్గము పొడవునను తెలుగు కుటుంబములు కలవు. తెలుగు జిల్లాలలోను, ఇచ్చటి బస్తీలలోను సైన్యమునుండి వచ్చిన వృద్ధులు కలరు. వారిలో చెర చూచినవారుండిన, వారి యొద్దకు పోయి కూర్చుండుట రచయితలకు కర్తవ్యము. శత్రువు అడిగిన నాలుగు ప్రశ్నలు కాక, తనవారు అడుగవలసిన ప్రశ్నలు అడుగవలెను. చెప్పనిచో వారి మౌనమును గౌరవించి మరల పోవలెను.

ఇక నా అనువాదము మాట. దాల్వీ గారి వాక్యము దగ్గఱ కడకు 'నేను బందీనైతిని' అని వ్రాసితిని. అది గొప్ప పరిష్కారము కాదు. కాని అందు దొంగ లేడు, నేరము లేదు. ఒక మాటను మార్చినంత మాత్రమున ఒక జాతి మనస్సు మారదని యెఱుగుదును. అయినను నచికేతుని తండ్రికి మొదట కావలసినదియు ఒక్క మాటయే గదా: వచ్చితివా, నాయనా, లోనికి రమ్ము.